గోత్రం తెలియనివాళ్ళకి

మార్కాపురానికి ఆ వార్త
కరెంటు లేనప్పుడు వచ్చింది.
షెడ్డులో కోతమిషను ఆగి
దుమ్ము మెల్లగా కిందికి దిగుతుంటే
ఎవరి ఫోనో చెప్పింది:
శ్రవణా నక్షత్రం వైపునుంచి ఎవరో పిలిచారని,
మనుషులు కారని,
పొరపాటేమోనని మూడు దేశాలు సరిచూసుకున్నాయని.

నేను గుమాస్తాని.
డజన్లు రాసే చేతికి
ఇంత సంగతి ఏ పద్దు కింద రాయాలో తోచలేదు.
ఆనాటి పేజీలో ఇప్పటికీ ఉంది:
టైల్సు, నాలుగువందల పెట్టెలు, రేవుకి.
బడిపలకలు, లేవు.
ఆకాశం నుంచి, ఒకటి.

ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి
హుస్సేనమ్మ అడిగింది,
"వాళ్ళకి గూడా దగ్గొస్తాదా?"

బస్టాండు దగ్గర ఒకడు ప్రళయమన్నాడు.
రెండు రోజులు ఉప్పు ధర పెరిగింది.
మూడోరోజు తగ్గింది.

ఆదివారం ఏలియా పాస్టరుగారు
ఆదికాండం తెరిచి ఆగిపోయారు.
అక్కడెవరూ పండు కొరక్కపోయి ఉంటే?
అక్కడ మేకుల అవసరమే పడకపోతే?
ప్రసంగం మానేసి పాటలు పాడించారు.
చివరి పాటలో చరణం మర్చిపోతే
ఎవరూ అందించలేదు,
అందరూ కిటికీలోంచి పైకి చూస్తున్నారు.

ట్రాక్టరు నాయబ్ రసూల్ మాత్రం
బీడీ ఆర్పి నింపాదిగా అన్నాడు:
"లోకాలన్నిటి ప్రభువని రోజూ అంటానే ఉన్నాం గదన్నా.
'లోకాలు' అని.
ఆ 'లు' ఇయ్యాలే ఇనపడింది."

శనివారం హుస్సేనమ్మ
ఒక్క టెంకాయ పట్టుకుని చెన్నకేశవుడి గుడికెళ్ళింది.
పీర్ల పండక్కి గుండం తొక్కే మనిషే,
తేరు లాగే రోజు తాడు పట్టే మనిషే.
వాళ్ళ పేరున అర్చన చెయ్యమంది.

పేరు? అడిగాడు సింగరాచారి.
తెలవదు సామీ.
గోత్రం?
తెలవదు.
తెలియనివాళ్ళకి కాశ్యపగోత్రం ఉండనే ఉందిలే.
నక్షత్రం?

ఆమె నవ్వింది.
మనలో సగంమందిమి అక్కడే తడబడి
నోటికొచ్చింది చెప్పేస్తాం.
వాళ్ళ సంగతిలో తెలిసింది అదొక్కటే.
"శ్రవణం, సామీ."

ఆచారి చేతిలో తులసి ఆగింది.
"దానికి స్వామే అధిదేవత" అన్నాడు,
మాకు కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు.
తర్వాత గంట కొట్టడం మరిచి హారతిచ్చాడు.

ఆ రాత్రి నేను లెక్క వేశాను.
అక్కణ్ణించి ఇక్కడికి పదిహేడేళ్ళ దారంట.
ఆ పిలుపు బయల్దేరిన నాటికి
ఈ షెడ్డులో ఇంకా చెక్కచట్రాలు కొడుతున్నాం,
ఒకటో తరగతి పిల్లలింకా పలక మీద ఉమ్మి తుడుస్తున్నారు,
హుస్సేనమ్మ మొగుడు పెంటుసాబు గనిలో ఉన్నాడు,
దగ్గు అప్పుడే మొదలైంది.

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

చాలాసేపు పెద్ద పలక అంచు
బొటనవేలితో తడుముతూ కూర్చుంది.
"అయితే వాళ్ళు పిలిచింది ఆయన్ని గూడా."
ఇంకాసేపటికి,
"పలకలేదనుకుంటారేమో."

ఆ మాట నా చెవిలో రెండుగా విరిగింది.
పలకలు చేసి చేసి
పలకకుండా పోయినవాళ్ళు
ఈ ఊళ్ళో ఎంతమందో
నా పుస్తకాల్లో లేదు.

అటక మీద ఒకే ఒక్క బడిపలక మిగిలుంటే దింపింది.
ఓనమాలు రాయమంటావా అన్నాను.
సిలువ గీద్దామన్నాడు ఒక కుర్రాడు,
ఇంకొకడు నెలవంక, ఇంకొకడు ఫోను నంబరు.
నలభై ఏళ్ళు పలకలు నునుపు చేసి
ఒక్క అక్షరమైనా రాయని ఆ చెయ్యి
బలపం తీసుకోలేదు.
తడిగుడ్డతో తుడిచింది, అంతే.
షెడ్డు కప్పు మీద
వెల్లకిలా పెట్టింది.
పొద్దుగూకగానే శ్రవణం నడినెత్తిన ఉంది.

నా పుస్తకంలో రాసుకున్నాను:
బడిపలకలు, ఒకటి. పైకి.

తెల్లారి చూస్తే
దానిమీద మన గనుల దుమ్మే.
కొంగుతో తుడిచి
మళ్ళీ పెట్టింది.